బండి సర్వీసింగ్: ఏ పని నా చేత్తో, ఏ పని మెకానిక్ చేతికి

సింగిల్ సిలిండర్, ఎయిర్ కూల్డ్ ఇంజన్, ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న 125 నుంచి 150 సీసీ బండి సంగతి ఇది. దీని సర్వీసింగ్‌లో ఏ పనులు సొంతంగా చేస్తున్నానో, ఏవి వర్క్‌షాప్‌కి ఇస్తున్నానో, ఎందుకో, పని జరిగే వరసలోనే రాస్తున్నాను. ఇక్కడ ఇచ్చే అంకెలు ఈ తరగతి బండ్లకు మామూలుగా ఉండేవి. మీ బండికి సర్వీస్ మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క. బండితో పాటు ఇచ్చే ఓనర్ మాన్యువల్, సర్వీస్ మాన్యువల్ ఒకటి కాదు. ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ భాగం ఎంత అరిగేదాకా వాడొచ్చు అన్నవి రెండోదాంట్లోనే పూర్తిగా ఉంటాయి. పనిముట్ల కంటే ముందు సంపాదించాల్సింది అది.

మెకానిక్‌కి చేయి తిరిగి ఉంటుంది, తీరిక ఉండదు. మనకు తీరిక ఉంటుంది, చేయి తిరిగి ఉండదు. ఏ పని ఎవరిదో తేల్చేది ఈ తేడాయే. కొలిచి, ఆగి, మళ్ళీ కొలిచి చేయాల్సినవి ఇంట్లో బాగా కుదురుతాయి. ప్రెస్సు, పుల్లరు, వందల బండ్లు విప్పిన అలవాటు కావాల్సినవి వర్క్‌షాప్‌లోనే కుదురుతాయి. వర్క్‌షాప్‌లో తరచూ చెడేవి పెద్ద పనులు కావు. డ్రెయిన్ బోల్టు (ఆయిల్ దించే బోల్టు), చైన్, ట్యాపెట్లు (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు సెట్ చేసే చోటు), బ్రేక్ ఆయిల్ లాంటి చిన్నవే. అవి కష్టమై కాదు, వాటికి టైము పెట్టరు కాబట్టి.

పనిముట్లలో మూడు విషయాలు చెప్పాలి. సాకెట్లు ఆరు మూలలవి తీసుకోండి. పన్నెండు మూలలవి గట్టిగా పట్టిన నట్ల అంచులు కొరికేస్తాయి. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ ఒకటే పెద్దది కొంటే సరిపోదు. ఇంజన్ మీది చిన్న బోల్టులకు 5 నుంచి 25 న్యూటన్ మీటర్లది, యాక్సిల్ నట్టు లాంటివాటికి 20 నుంచి 100 వరకూ ఉండేది కావాలి. మూడోది స్క్రూడ్రైవర్. జపాన్ డిజైన్ బండ్ల మీది ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ కావు, జేఐఎస్ అనే జపాన్ కొలతవి. చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. వాటికి ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే బలం పడే కొద్దీ పైకి లేచి తల చెక్కేస్తుంది. పాత బండ్ల క్లచ్ కవర్ స్క్రూలన్నీ గుంతలు పడి ఉండటానికి కారణం స్క్రూలు మెత్తవి కావడం కాదు, స్క్రూడ్రైవర్ తప్పుది కావడం. వీటికి తోడు ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట), మల్టీమీటర్, మిల్లీలీటర్ల గుర్తులున్న కొలపాత్ర చాలు.

పని వరస ఇంజన్ వేడిని బట్టి ఉండాలి. టైర్ గాలి, ట్యాపెట్లు, ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. అందుకే బండిని రాత్రి పెట్టేసి, పొద్దున స్టార్ట్ చేయకుండానే మొదలుపెడతాను. వర్క్‌షాప్‌కి బండి నడుచుకుంటూ పోతుంది కాబట్టి అక్కడికి చేరేసరికి ఇంజన్ కాలుతూ ఉంటుంది. ట్యాపెట్లు సెట్ చేయాలంటే ఇంజన్ 35 డిగ్రీల లోపుకి చల్లారాలని చాలా మాన్యువల్స్ చెబుతాయి. అంటే గంటల తరబడి బండిని ఊరికే నిలబెట్టాలి. పది బండ్లు వరసలో ఉన్న చోట అది జరగదు. వేడి మీదే, చెవికి వినపడే శబ్దాన్ని బట్టి బిగించి పంపేస్తారు. ట్యాపెట్ల పని నేను నా దగ్గరే ఉంచుకోవడానికి ఇదే కారణం.

ముందు ప్లగ్గు విప్పుతాను. విప్పే ముందు దాని గుంటలో చేరిన ఇసుకను గాలితో ఊదేయాలి, లేకపోతే అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గు తీసేస్తే కంప్రెషన్ ఉండదు, ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఎడమ కవర్ మీద రెండు మూతలుంటాయి. మధ్యది విప్పితే క్రాంక్ నట్టు కనబడుతుంది, పైది విప్పితే ఫ్లైవీల్ మీద గుర్తులు కనబడతాయి. సిలిండర్ హెడ్‌కి ముందొకటి, వెనకొకటి ట్యాపెట్ మూతలు. సాకెట్ పెట్టి ఫ్లైవీల్‌ని ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పాలి. చాలా బండ్లలో ఎడమ వైపు నుంచి చూస్తే అది గడియారానికి ఎదురు దిశ. పై మూత తీసిన రంధ్రంలో టీ అనే గుర్తు అంచు మీది గాడికి ఎదురుగా రావాలి. పక్కనే ఎఫ్ అనే గుర్తు కూడా ఉంటుంది, అది ఇగ్నిషన్ టైమింగ్‌ది. అక్కడ ఆపి సెట్ చేస్తే లెక్కంతా తప్పుతుంది.

టీ గుర్తు కలిసినంత మాత్రాన చాలదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ పైకి రావడం రెండు సార్లు జరుగుతుంది: కంప్రెషన్ చివర ఒకసారి, పొగ బయటికి పోయాక ఒకసారి. మనకు మొదటిది కావాలి. రెండు రాకర్లనూ వేలితో కదిపి చూడండి. రెండూ సన్నగా టకటకమంటే సరైన చోటే ఉన్నారు. ఒక్కటి బిగిసి ఉన్నా ఇంకో చుట్టు పూర్తిగా తిప్పి మళ్ళీ టీ దగ్గర ఆపాలి.

ఈ తరగతి బండ్లలో సందు కొలతలు 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్యే ఉంటాయి. చాలావాటిలో ఎగ్జాస్ట్‌ది కొంచెం ఎక్కువ. ఉదాహరణకు మాన్యువల్ 0.08 అంటే, ఆ రేకు దూరి, లాగుతుంటే సన్నగా పట్టాలి. బరువైన పుస్తకం కింద ఇరుక్కున్న కాగితాన్ని లాగినప్పుడు చేతికి తెలిసే పట్టు అది. ఆ పట్టు మీద నమ్మకం కుదరకపోతే ఇంకో దారి ఉంది: 0.08 దూరాలి, 0.10 దూరకూడదు. రెండూ దూరితే వదులు, రెండూ దూరకపోతే బిగువు. లాక్ నట్టు బిగించేటప్పుడు మధ్యలో ఉన్న స్క్రూ కూడా దాంతో పాటు కాస్త తిరుగుతుంది. అందుకే స్క్రూని పట్టుకునే నట్టు బిగించాలి, బిగించాక మళ్ళీ కొలవాలి. ఒక వాల్వుకి మూడు నాలుగు సార్లు మార్చుకోవాల్సి వచ్చినా విసుగు పడొద్దు. ఆ తర్వాత ఇంజన్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి, టీ దగ్గర ఆపి, చివరిసారి చూసుకుని మూతలు పెట్టేయాలి. మూతల ఓరింగులు గట్టిపడి ఉంటే అప్పుడే మార్చాలి. అక్కడ ఆయిల్ చెమర్చిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఆ రింగులే.

ట్యాపెట్ల విషయంలో జనంలో ఉన్న ఒక నమ్మకం బండ్లను పాడు చేస్తోంది. శబ్దం లేని ఇంజన్ మంచి ఇంజన్ అనుకుంటారు. సందు ఎక్కువైతే టకటకమని వినబడుతుంది, కొంచెం శక్తి తగ్గుతుంది, అంతే. సందు తక్కువైతే ఏమీ వినబడదు. కానీ వాల్వు తన సీటు మీద పూర్తిగా ఆనదు. వాల్వు తల తన వేడిని సీటులోకి వదిలేది ఆనినప్పుడే. ఆనకపోతే ఆ వేడి లోపలే నిలిచి ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. పైగా బండి నడిచే కొద్దీ వాల్వు సీటులోకి కొద్దికొద్దిగా దిగుతుంది కాబట్టి ఈ సందు తగ్గుతూ పోవడమూ ఉంటుంది. పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయించడం, ఐడ్లింగ్ నిలకడ లేకపోవడం, ఇంజన్ వేడెక్కాక పికప్ పడిపోవడం, వీటన్నిటితో పాటు ఇంజన్ మరీ నిశ్శబ్దంగా ఉంటే ముందు ట్యాపెట్లే చూడాలి. మెకానిక్ దగ్గర "శబ్దం తగ్గించండి" అని అడిగితే ఆయన చేయగలిగిన తేలికైన పని ట్యాపెట్లు బిగించడమే. అలా అడగొద్దు, "కొలత ఎంతుందో చూసి చెప్పండి" అని అడగండి.

విప్పిన ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తడిగా జిడ్డు నలుపు ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది, అది పిస్టన్ రింగుల సంగతో వాల్వ్ సీళ్ళ సంగతో, ఇక ఇంటి పని కాదు. ప్లగ్గు కొసల మధ్య సందు చాలా బండ్లకు 0.8 నుంచి 0.9 మి.మీ. పెట్టేటప్పుడు స్పానర్ ముట్టుకోకుండా వేళ్ళతోనే చివరిదాకా తిప్పాలి. మధ్యలో పట్టేస్తే వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. అల్యూమినియం హెడ్‌లో థ్రెడ్ ఒక్కసారి అడ్డంగా పడితే హెడ్డు విప్పాల్సి వస్తుంది. వేళ్ళతో ఆగాక కొత్త ప్లగ్గయితే అర చుట్టు, పాతదే తిరిగి పెడితే దాని వాషరు ముందే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు. అంతకు మించి వద్దు.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక్క హెచ్చరిక చాలు. చాలా బండ్లలో వచ్చే పేపర్ ఫిల్టర్ జిగురు ఆయిల్ పూసి ఉంటుంది. దాన్ని గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, మార్చడమే. గాలి కొడితే కాగితం చిరిగి దుమ్ము సిలిండర్‌లోకి పోతుంది. ఫోమ్ ఫిల్టర్ మాత్రం కడిగి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి ఆరబెట్టి, ఆయిల్ పట్టించి పెట్టాలి.

ఇప్పుడు బండి స్టార్ట్ చేసి మూడు నుంచి ఐదు నిమిషాలు నడవనిస్తాను. ఆయిల్ పలచబడుతుంది, అడుగున చేరిన మడ్డి కలిసి బయటికి వస్తుంది. మరీ కాలే ఆయిల్ చేతి మీద పడితే బొబ్బలెక్కుతుంది కాబట్టి గోరువెచ్చన చాలు. సెంటర్ స్టాండ్ వేసి, పైన ఆయిల్ పోసే మూత వదులు చేసి, కింద డ్రెయిన్ బోల్టు విప్పాలి. చాలా చోట్ల 17 నంబరు స్పానర్. బోల్టు తల నేల వైపు చూస్తుంటుంది, మనమేమో పైనుంచి వంగి చూస్తుంటాం. పైనుంచి చూసేసరికి దిశ తిరగబడుతుంది. విప్పుతున్నాననుకుంటూ బిగించేవాళ్ళు చాలామంది. బోల్టు తల మనకు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని, గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి.

ఈ బోల్టు కింద ఉండే వాషరుని అరచేతిలో పెట్టుకుని చూడండి. రాగిదో అల్యూమినియందో, రూపాయి బిళ్ళంత ఉంటుంది. కొత్తదానికి అంచు గుండ్రంగా, ఒళ్ళు మెత్తగా ఉంటుంది. వాడినదానికి ఒక వైపు బోల్టు తల గుర్తు వలయంలా దిగి ఉంటుంది, లోహం గట్టిపడి మెరుస్తుంటుంది. దాని పని నలిగి సందు మూయడం. ఒకసారి నలిగినది రెండోసారి సరిగా నలగదు. పాత వాషరే పెడితే బోల్టు దగ్గర చుక్క చెమరుస్తుంది. చెమర్చింది కదా అని తర్వాతి సర్వీసులో ఇంకాస్త బిగిస్తారు, ఆ తర్వాత ఇంకాస్త. బోల్టు ఉక్కుది, ఇంజన్ ఒళ్ళు అల్యూమినియంది, కాబట్టి పోయేది ఇంజన్ వైపు థ్రెడ్డే. దాన్ని బాగు చేయాలంటే రంధ్రం పెద్దది చేసి హెలికాయిల్ అనే ఉక్కు తీగ చుట్ట దింపాలి, అది వర్క్‌షాప్ పని. ఇంత పెద్ద రిపేరుకి మూలం అంత చిన్న వాషరు. ప్రతి ఆయిల్ మార్పుకీ కొత్త వాషరు పెట్టి, కూర్చునే చోటు పొడిగుడ్డతో తుడిచి, బోల్టుని వేళ్ళతో చివరిదాకా తిప్పి, టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఈ తరగతి బండ్లలో చాలావాటికి 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గాలి గన్నుతో ఈ బోల్టు బిగించే వర్క్‌షాప్ అయితే ఆపమని చెప్పడానికి మొహమాటపడొద్దు.

దిగిన ఆయిల్ పారేసే ముందు కొలపాత్రలో పోసి చూస్తాను. సొంత సర్వీసింగ్‌తో వచ్చే అతి విలువైన సమాచారం ఇదే. పోసినప్పుడు 900 మిల్లీలీటర్లు, దిగింది 650 అయితే మిగతా 250 ఎటో పోయింది: కారిందో, కాలిందో. వర్క్‌షాప్‌లో ఆ ఆయిల్ డబ్బాలో కలిసిపోతుంది, ఆ లెక్క ఎవరికీ తెలియదు. టార్చి వెలుగులో చూస్తే ఇంకొన్ని తెలుస్తాయి. కొత్త బండి మొదటి సర్వీసులో సన్నటి లోహపు మెరుపు మామూలే. నడిచిన బండిలో గోటికి తగిలే లోహపు తునకలు కనబడితే ఇంజన్ విప్పి చూడాల్సిందే. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. రోజూ కిలోమీటరు రెండు కిలోమీటర్లే తిరిగి ఇంజన్ పూర్తిగా వేడెక్కని బండ్లలో కూడా మూత లోపలి వైపు ఈ తెలుపు కనబడుతుంది. పెట్రోల్ వాసన గట్టిగా వస్తే ఇంధనం ఆయిల్‌లోకి దిగుతోందన్నమాట.

కొత్త ఆయిల్ డబ్బా మీద మూడు చూడాలి: మాన్యువల్ చెప్పిన చిక్కదనం, ఉదాహరణకు 10డబ్ల్యూ-30, ఏపీఐ గ్రేడు (ఆయిల్ నాణ్యత స్థాయి), జాసో ఎంఏ లేదా ఎంఏ2. మూడోది మరిచిపోకూడదు. మోటార్‌సైకిల్‌లో ఇంజన్, గేర్లు, క్లచ్చు మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్స్ చాలావాటిలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, అవి క్లచ్ ప్లేట్లను జారేలా చేస్తాయి. ఈ ఇబ్బందికే జపాన్ వాళ్ళు 1998లో మోటార్‌సైకిళ్ళకు విడిగా జాసో ప్రమాణం తెచ్చారు, 2006లో ఎంఏని ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు. ఎంఏ2 క్లచ్‌ని ఎక్కువ పట్టుగా ఉంచుతుంది. ఎంబీ అని ఉన్నది ఆయిల్‌లో మునగని క్లచ్ ఉన్న స్కూటర్లకు, గేర్ల బండికి పోయకూడదు. ఎక్సలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తూ స్పీడు మాత్రం పెరగకపోతే, ప్లేట్లు మార్చే ముందు పోసిన ఆయిల్ ఏమిటో చూడండి.

ఎంత పోయాలన్నదానికి మాన్యువల్‌లో రెండు అంకెలుంటాయి, ఇంజన్ మొత్తం విప్పినప్పటిది ఒకటి, ఆయిల్ మార్చినప్పటిది ఒకటి. మనకు కావాల్సింది రెండోది, తక్కువ అంకె. లీటరు డబ్బా ఉంది కదా అని 900 పట్టే ఇంజన్‌లో లీటరూ పోస్తే, ఎక్కువైనది బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి చేరుతుంది. ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి కనబడి ఇంజన్ రింగులు పోయాయేమోనని భయపడే సందర్భాల్లో ఇదొక మామూలు కారణం. పోశాక మూడు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, మూడు నిమిషాలు ఆగి, బండి నిటారుగా ఉన్నప్పుడు గేజ్ చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పు. చాలా బండ్లలో గేజ్ పుల్లని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నింట్లో తిప్పి చూడాలి. మీ బండిది ఏదో తెలుసుకోకపోతే ప్రతిసారీ ఎక్కువో తక్కువో అవుతుంది. పాత ఆయిల్‌ని ఖాళీ డబ్బాలో మూతపెట్టి, సేకరించే వర్క్‌షాప్‌కి ఇచ్చేయాలి. మట్టిలోనో కాలువలోనో పోయడం ఘోరమైన పని.

తర్వాత చైన్. దీనికి ముందు ఒక హెచ్చరిక: ఇంజన్ ఆన్ చేసి గేర్లో వేసి, తిరిగే చైన్‌కి గుడ్డ పట్టేవాళ్ళున్నారు. గుడ్డని స్ప్రాకెట్ లాక్కుంటే దానితో పాటు వేళ్ళు పోతాయి. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో, చక్రాన్ని చేత్తో తిప్పుతూనే చేయాలి. మెత్తటి బ్రష్షుతో కిరోసిన్ చాలు. పెట్రోల్, ఇనప బ్రష్షు ఓరింగ్ చైన్‌లోని రబ్బరు రింగుల్ని పాడు చేస్తాయి. రింగు పోతే లోపలి గ్రీజు పోతుంది, దాన్ని మళ్ళీ బయటి నుంచి నింపలేం. పూర్తిగా తుడిచాక, కింది వరస లోపలి అంచు మీద ఆయిల్ పడాలి, తిరిగేటప్పుడు అది లోపలి నుంచి బయటికి పాకుతుంది. 80 లేదా 90 గ్రేడ్ గేర్ ఆయిల్ సరిపోతుంది. కాసేపు ఆగి పైపైది తుడిచేయాలి. పైన జిడ్డుగా మిగిలినది చైన్‌కి ఉపయోగపడదు, దుమ్ముని పట్టి సానబెడుతుంది. ఇది ఐదారు వందల కిలోమీటర్లకోసారి చేయాల్సిన పని, సర్వీసు దాకా ఆగితే ఆలస్యమే.

వదులు కొలిచేటప్పుడు వర్క్‌షాప్‌లో ఒక్క చోట వేలితో ఎత్తి చూసి బిగించేస్తారు. చైన్ అంతటా ఒకేలా సాగదు. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూస్తే ఒక చోట బిగువుగా తగులుతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ చోటే కొలవాలి. రెండు స్ప్రాకెట్లకు మధ్యలో కిందికీ పైకీ కలిపి కదిలే దూరం చాలా బండ్లకు 20 నుంచి 30 మి.మీ. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే, బిగువు చోటు వచ్చినప్పుడల్లా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీదా వెనక చక్రం బేరింగ్ మీదా లాగుడు పడుతుంది.

బిగించాలంటే యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్లని పావు చుట్టు చొప్పున సమంగా తిప్పాలి. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీది గీతలు అన్ని బండ్లలో కచ్చితంగా ఉండవు, టేపుతో స్వింగ్ ఆర్మ్ బోల్టు నుంచి యాక్సిల్ దాకా రెండు వైపులా కొలిస్తేనే నమ్మకం. నట్టు బిగించేటప్పుడు యాక్సిల్ ముందుకి జరగకుండా, చైన్‌కీ వెనక స్ప్రాకెట్‌కీ మధ్య గుడ్డ ఉండ ఇరికించి చక్రాన్ని కాస్త తిప్పి పడితే యాక్సిల్ అడ్జస్టర్లకు ఆనుకుంటుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయేది వెనక డ్రమ్ బ్రేకు. చక్రం వెనక్కి జరిగితే బ్రేక్ రాడ్ బిగుస్తుంది. పెడల్ ప్లే 20 నుంచి 30 మి.మీ. ఉండేలా మళ్ళీ సెట్ చేసి, బ్రేక్ లైటు సరైన చోట వెలుగుతోందో లేదో చూడాలి. లేకపోతే బ్రేకు పట్టుకునే నడుస్తుంది, పది కిలోమీటర్లకే డ్రమ్ము కాలుతుంది. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వెనక్కి లాగితే పంటి సగం బయటపడుతోందంటే చైన్ అయిపోయింది. అప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. జాయింట్ లింకు క్లిప్పు మూసిన కొస చైన్ పరిగెత్తే దిశలో ఉండాలి.

బ్రేకుల దగ్గర నా మాట గట్టిగా ఉంటుంది: మొదటిసారి తెలిసినవాళ్ళ ముందు చేయండి. ప్యాడ్ల మీది గాడి మాయమైతే మార్చాలి. కొత్త ప్యాడ్లు లావుగా ఉంటాయి కాబట్టి ప్యాడ్లను నొక్కే బ్రేక్ పిస్టన్‌ని లోపలికి నెట్టాలి. నెట్టే ముందు బయటికి వచ్చిన భాగాన్ని బ్రేక్ ఆయిల్‌తో తడిపిన గుడ్డతో తుడవాలి, లేకపోతే ఆ మురికి సీలుని కోస్తుంది. నెట్టినప్పుడు పైన డబ్బాలో ఆయిల్ పెరిగి పొంగుతుందేమో చూసుకోవాలి, అది పెయింట్‌ని తినేస్తుంది, పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. అన్నీ బిగించాక, బండి కదిలించే ముందు లివర్ గట్టిపడేదాకా పదిసార్లు నొక్కాలి. ఇది మరిస్తే మొదటి బ్రేకు పడదు.

డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. పొడవైన దిగుడులో బ్రేకు వేడెక్కి లోపల ఆవిరి పుడితే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అందుకే మట్టం తగ్గకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి. వర్క్‌షాప్‌లో అడగకపోతే దాదాపు ఎవరూ మార్చరు, మట్టం తగ్గితే పైన కాస్త పోస్తారు. డాట్ 5 సిలికాన్‌ది, వీటితో కలపకూడదు. మార్చే పద్ధతి: చక్రం దగ్గర బ్రేకు మీద ఆయిల్ వదిలే నిప్పిల్‌కి 8 నంబరు రింగ్ స్పానర్, దాని మీద పారదర్శక గొట్టం, గొట్టం కొస కొద్దిగా ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి. లివర్ నొక్కి పట్టి, నిప్పిల్ పావు చుట్టు తెరిచి, లివర్ హ్యాండిల్‌కి తగలకముందే మూసి, అప్పుడే లివర్ వదలాలి. వదిలాక మూస్తే గాలి లోపలికి పోతుంది. ముందు టీ రంగు ఆయిల్ వస్తుంది, గొట్టంలో ఆవగింజంత బుడగలు పాకుతుంటాయి. బుడగలు ఆగి, రంగు తేనెలా తేటపడేదాకా చేయాలి. పై డబ్బాలో మట్టం ఒక్కసారి అడుగంటినా మళ్ళీ మొదటికే.

కేబుళ్ళు, కరెంటు పని త్వరగా అయిపోతుంది. క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మి.మీ. ప్లే, యాక్సిలరేటర్‌కి 2 నుంచి 6. హ్యాండిల్‌ని రెండు చివరలకూ తిప్పి యాక్సిలరేటర్ వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజన్ రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య లేకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, చార్జింగ్‌ది కావచ్చు.

ఇక నేను ముట్టుకోనివి. ఫోర్క్ ఆయిల్ సీళ్ళు, స్టీరింగ్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), వీల్ బేరింగులు, టైర్ మార్పు, టైమింగ్ చైన్, క్లచ్ ప్లేట్లు, ఇంజెక్షన్ బండిలో వెలిగే ఇంజన్ లైటు. వీల్ బేరింగుని సుత్తితో లోపలి వలయం మీద కొట్టి దింపితే కొత్తదే పాడైపోతుంది, దానికి సరైన సైజు డ్రైవరు కావాలి. కోన్ సెట్టు ఎంత బిగువు ఉండాలో చేయి తిరిగినవాళ్ళకే తెలుస్తుంది. శబ్దాన్ని కనిపెట్టడం మరీను. పొడవైన స్క్రూడ్రైవర్ కొస ఇంజన్ మీద ఒక్కో చోట ఆనించి, పిడిని చెవి ఎముకకు పెట్టుకుని, ఇది క్యామ్ దగ్గరిది, ఇది క్లచ్ వైపుది అని విడదీసి చెప్పే మెకానిక్ దొరికితే వదులుకోకండి. ఆ విద్య మాన్యువల్ చదివితే రాదు.

ఆయనకు పని చెప్పేటప్పుడు రోగం పేరు కాదు, లక్షణాలు చెప్పాలి: చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏ గేర్లో, ఎంత స్పీడులో, బ్రేకు పట్టినప్పుడా వదిలినప్పుడా. "క్లచ్చు పోయింది" అంటే క్లచ్చే విప్పుతారు. కాగితం మీద రాసిస్తే మంచిది, ముందు మాట్లాడిన మనిషి, పని చేసే మనిషి ఒకరే కాకపోవచ్చు. మార్చిన పాత పార్టులు తిరిగి అడగండి. బండి వారంటీలో ఉంటే, ఏ సర్వీసులు కంపెనీ వర్క్‌షాప్‌లో చేయించాలో వారంటీ పుస్తకంలో చదివాకే స్పానర్ పట్టండి.

ఎవరు చేసినా, చేశాక నేను చూసేవి ఒకటే. డ్రెయిన్ బోల్టు చుట్టూ పొడిగా తుడిచి పెడతాను. యాక్సిల్ నట్టుకి పిన్ను ఉండే బండి అయితే పిన్ను వంచి ఉందో లేదో చూస్తాను. చైన్ సుద్ద గుర్తు దగ్గర మళ్ళీ కొలుస్తాను. వేగం లేకుండా రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూసి, 50 కిలోమీటర్లు తిరిగొచ్చాక, ఆగిన బండి కింద తెల్ల కాగితం పరిచి రాత్రంతా ఉంచుతాను. పొద్దున కాగితం మీద చుక్క లేకపోతే తేదీ, కిలోమీటర్లు, దిగిన ఆయిల్ ఎంత, పోసింది ఎంత, ట్యాపెట్ల కొలత, చైన్ వదులు పుస్తకంలో రాసి మూసేస్తాను.